తిరుగు కబురు

ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది దాటింది. కొత్తగా చేరిన పశువైద్యులు ఇద్దరు ముగ్గురు ఫోను చేసినప్పుడల్లా "మీ అనుభవాలు రాసిపెట్టండి మేడం, మాకు పనికొస్తాయి" అంటున్నారు. ఏ మందు ఎంత వెయ్యాలో మీ పుస్తకాల్లో నాకంటే బాగా ఉంటుంది. బదిలీలు, తనిఖీలు, ప్రమోషన్లు చదివి మీరు బాగుపడేదేమీ లేదు. ఉదయగిరి, ఆత్మకూరు, మర్రిపాడు చుట్టూ మూడు దశాబ్దాలు గొర్రెల మందల వెనక తిరిగిన మనిషిని కాబట్టి నాకు గట్టిగా తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి రాద్దామని కూర్చుంటే, ఇప్పటికీ తేలని సంగతి ఒకటి ముందుకొచ్చి కూర్చుంటోంది. దాన్ని దాటి మిగతావి రాయలేకపోతున్నాను. అందుకే అదే రాస్తున్నాను. చివర్లో తీర్పు చెబుతానని మాత్రం ఎదురుచూడకండి.

పెద్ద డాక్టరుగారి తలుపు

నా మొదటి ఉద్యోగం ఉదయగిరిలో. కొండ కింద రెండు గదుల పశువుల ఆసుపత్రి. అక్కడ నా పైఅధికారిని అందరూ పెద్ద డాక్టరుగారు అనేవాళ్ళు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. ఆడపిల్ల పశువుల డాక్టరుగా వచ్చిందని మొదటి నెల నాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండో నెల నుంచి తిట్టడం మొదలుపెట్టారు. పని నేర్చుకున్నది ఆ తిట్లలోనే.

మా వైపు గొర్రెలకు సూది వెయ్యడం కష్టం కాదు. గొర్రెలు ఎక్కడున్నాయో కనుక్కోవడం కష్టం. ఎండాకాలం వచ్చేసరికి మెట్టలో గడ్డి అయిపోతుంది. మర్రిపాడు వైపు మందలన్నీ కిందికి, పెన్న పక్కకు, సంగం చుట్టుపక్కల కోసిన వరిమళ్ళలోకి దిగుతాయి. పగలంతా కొయ్యకాళ్ళలో మేస్తాయి. పొద్దుగూకితే ఎవరో ఒక రైతు చేలో మంద కడతారు. ఎరువు చేనుకు, గింజలు కాపరికి. నాలుగు రోజులకు ఇంకో చేను. తొలకరి పడే వేళకు మళ్ళీ పైకి నడుస్తాయి. ఆ లోపలే చిటుకు రోగానికి టీకా పడాలి. తొలి వానలకు మొలిచిన లేత గడ్డి కడుపారా మేసిన గొర్రె, ఆరోగ్యంగా ఉన్న గొర్రె, ఉన్నట్టుండి గిలగిల కొట్టుకుని చచ్చిపోయే జబ్బు అది. చిటికె వేసేంతలో పోతుంది. అప్పుడు డాక్టరును పిలిచి లాభం లేదు.

మరి ఇవాళ ఈ చేలో, ఎల్లుండి ఇంకో చేలో ఉండే మనిషికి టీకాల రోజు చెప్పడం ఎలా? పెద్ద డాక్టరుగారు బస్సు డ్రైవర్లకు చెప్పేవారు. రోడ్డు పక్కన మంద కనిపిస్తే డ్రైవరు బస్సు ఆపి, కిటికీలోంచి కేకేసి చెప్పేవాడు. కాపరి "అందినాది, వస్తుండామని చెప్పు" అని తిరుగు కబురు ఇచ్చేవాడు. మధ్యాహ్నం బస్సు తిరిగొచ్చేటప్పుడు ఆ కబురు మా ఆసుపత్రికి చేరేది. మందుల గది తలుపు వెనక ఆయన సుద్దముక్కతో ఒక్కో మందకు ఒక నిలువుగీత గీసేవారు. అంటే కబురు పంపాం అని. తిరుగు కబురు వస్తే దాని మీద అడ్డగీత. అడ్డగీత పడని మంద ఉంటే టీకాల ముందురోజు సైకిల్ మీద ఎవరో ఒకరు వెళ్ళాల్సిందే. ఆ ఎవరో ఒకరు ఎక్కువసార్లు నేనే.

చేరిన కొత్తలో ఒకసారి ఎదురు చెప్పాను.

"అందరికీ కబురు పంపించాను సార్. ఇంక వాళ్ళ ఇష్టం."

"పంపినావా, అందినాదా?"

"పంపించాను కదా సార్."

"కాకికి కూడా పంపొచ్చుమ్మా కబురు. అది కావ్‌మన్నాక నా కాడికి రా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి ఆ మంద వెతికి వచ్చాను. కాపరికి నిజంగానే కబురు అందలేదు. డ్రైవరుకు ఆ రోజు సెలవట. ఆ రోజు నుంచి అడ్డగీత సంగతిలో ఆయనతో వాదించలేదు.

తలుపుకు రంగు

కాలం మారింది. ఆ ఉదయగిరి ఆసుపత్రిలోనే పెద్ద డాక్టరుగారి కుర్చీలోకి నేను వచ్చాను. బటన్ల ఫోన్లు వచ్చాయి, సైకిల్ మూలపడింది. తర్వాత పెద్ద ఫోన్లు, వాటిలో మెసేజీ యాప్ వచ్చాయి. పేరు ఇక్కడ అనవసరం. మర్రిపాడు దగ్గర ఒక ఊళ్ళో పెద్దరైతు ఒకాయన ముందు గ్రూపు పెట్టాడు. పాల కేంద్రం అందులో చేరింది, బడి చేరింది, రేషను కబుర్లు చేరాయి. మేమూ గొర్రెల కాపరుల కోసం ఒకటి పెట్టాం. పెట్టింది నేను, నడిపింది మా అటెండరు ఖాదర్. ఖాదర్ నాతో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. నాకంటే అతనికే కాపరుల పేర్లు, మందల గుర్తులు ఎక్కువ తెలుసు.

ఆ గ్రూపును తిట్టడానికి నాకు నోరు రాదు. కలువాయి వైపు నుంచి ఒకతను మేక నోట్లో పుండ్లు ఫోటో తీసి పెట్టాడు. చూడగానే పారుడు రోగం అని తెలిసిపోయింది. అంతకుముందైతే ఆ కబురు నాకు చేరేసరికి వారం పట్టేది, సగం మంద పోయేది. ఆ రోజు సాయంత్రానికే అక్కడున్నాను. చుట్టుపక్కల ఊళ్ళకు జబ్బు పాకలేదు. ఇలాంటివి పది చెప్పగలను. అందుకే నాకు ఇంత అయోమయం. చెడ్డదైతే ఎప్పుడో వదిలించుకునేవాళ్ళం.

ఆసుపత్రికి సున్నాలూ రంగులూ వేసిన ఏడాది, మందుల గది తలుపుకు ఆకుపచ్చ రంగు వేయించాను. కింద పాతగీతల మరకలు ఉన్నాయని పెయింటరు రెండు పూతలు వేశాడు. నేనే దగ్గరుండి వేయించాను.

మాలకొండయ్య

మాలకొండయ్యది మర్రిపాడు మండలంలో ఒక చిన్న ఊరు. అప్పటికి యాభై ఐదేళ్ళు ఉంటాయి. తొంభై దాకా గొర్రెలు. చదువు లేదు. నాలుక మీద పదును మాత్రం ఉంది. కాపరులందరూ గ్రూపులోకి వచ్చాక కూడా అతను బటన్ల ఫోనుతోనే తిరిగేవాడు. అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. "మాలకొండయ్య మామా, నువ్వు ఊళ్ళో ఉండావా, అడవిలో ఉండావా?" అని. నలుగురితో నారాయణా అనకపోతే మా వైపు బతకనివ్వరు. అయినా అతను కదల్లేదు.

కదిలించింది నేనే. ఒకరోజు నట్టల మందు తాగించడానికి వెళ్ళినప్పుడు అడిగాను.

"అందరూ గ్రూపులో ఉన్నారు. నీ ఒక్కడికోసం విడిగా ఫోను చెయ్యాలంటే ఎంతమందికని చేస్తామయ్యా?"

"ఇన్నేండ్లు చేసినారు గదమ్మా."

"ఇన్నేళ్ళు వేరు. రేపు టీకాల రోజు తెలియకపోతే నన్ను అడగొద్దు."

అతను కాసేపు గొర్రెల వంక చూశాడు. "నువ్వే అట్టంటే ఇంక ఎవుర్నడిగేది? సరేలేమ్మా" అన్నాడు. ఆ వారమే ఒక పొట్టేలును అమ్మి ఆత్మకూరులో ఫోను కొన్నాడు. నేను సంతోషించాను. నూటికి నూరుమందీ గ్రూపులోకి వచ్చారని ఖాదర్‌తో గొప్పగా చెప్పాను కూడా.

ఆ ఫోను అతని చేతిలో పడ్డాక గ్రూపుకే ప్రాణం వచ్చింది. రాయడం రాదు కాబట్టి అన్నీ మాటల మెసేజీలే. ప్రతిదీ ఒకేలా మొదలయ్యేది: "మాలకొండయ్యను మాట్లాడుతుండా." గొర్రె దగ్గితే ఆ దగ్గును వినిపించేవాడు. ఎక్కడ గడ్డి ఉందో, ఎక్కడ కుక్కల బెడద ఉందో చెప్పేవాడు. నెల తిరిగేసరికి చుట్టుపక్కల మండలాల కాపరుల గ్రూపులు పన్నెండింటిలో చేరాడు. ఫోను వద్దన్న మనిషే అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడయ్యాడు.

ఎండాకాలం గొడవ

నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు. ఎండలు మండిపోతున్నాయి. వడదెబ్బ నుంచి గొర్రెలను ఎలా కాచుకోవాలో చెప్పి ఒక మాటల మెసేజీ పెట్టాను. "ఇది మీకు తెలిసిన గ్రూపులన్నింటికీ పంపండి" అన్నాను.

అదే రోజు సాయంత్రం మాలకొండయ్య గ్రూపులో ఒక మాట అన్నాడు. కిందటేడు టీకాలకు ఐసు సరిగ్గా పెట్టకుండా తెచ్చారని, అందుకే తన మందలో రెండు పోయాయని. నాకు ఒళ్ళు మండింది. ఐసు డబ్బా నా చేతులతో మూసి తెచ్చాను ఆ ఏడు. "తెలియకుండా మాట్లాడొద్దు మాలకొండయ్యా. ఇలా మాట్లాడేవాళ్ళు గ్రూపులో ఉండనక్కర్లేదు" అని అందరిముందూ అనేశాను. విడిగా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు, మొహాన విసిరాను.

మర్నాటి నుంచి అతని గొంతు లేదు. అలిగాడనుకున్నాను. అలగనీ అనుకున్నాను.

వారం తర్వాత టీకాల రోజు పెట్టాం. సంగం వైపు దిగిన మందలన్నింటికీ ఒకే చోట, పొద్దున ఏడుకల్లా రమ్మని నా గొంతుతోనే మెసేజీ పెట్టాను. కింద నమస్కారాల బొమ్మలు వరసగా పడ్డాయి. ఇరవై, ముప్పై. ఆ యాప్‌లో మెసేజీ పక్కన చిన్న గుర్తులు పడతాయి: పంపితే ఒకటి, అందరికీ చేరితే రెండు. పెద్ద గ్రూపులో ఎప్పుడూ ఎవరిదో ఒకరి ఫోను ఆగిపోయి ఉంటుంది, కాబట్టి ఆ రెండోది పడదు. దాన్ని చూడటం మానేసి చాలాకాలమైంది. నమస్కారాలు చూసి, అందింది అనుకున్నాను.

ఖాదర్ మాత్రం అడిగాడు.

"మేడం, మాలకొండయ్య పలకలేదు. ఒక ఫోను చేద్దునా?"

"అలిగినాడులే. గ్రూపులో పేరుంది కదా, విని ఉంటాడు. గొర్రెల కోసమైనా వస్తాడు."

"మామూలు ఫోనే మేడం. నిమిషం పని."

"వద్దు ఖాదర్. మనం బతిమాలితే ఇంకా నెత్తికెక్కుతాడు."

నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నింటిలోకీ పెద్దది ఆ "వద్దు" అన్న మాట. మందు తప్పు వేసినప్పుడు కూడా నేను ఇంత సిగ్గుపడలేదు.

టీకాల రోజు అతని మంద రాలేదు. పదకొండు దాకా చూశాం. ఎండ ముదిరింది, తెరిచిన మందు నిలవదు, సర్దుకుని వచ్చేశాం. మిగతా కాపరుల్లో ఎవరినైనా అతని కాడికి వెళ్ళి చెప్పమని అడగాలని కూడా నాకు తోచలేదు. వాళ్ళకూ తోచలేదు. పాతకాలంలో ఒక మందవాడు ఇంకో మందవాడికి చెప్పకుండా ఉండడు. ఇప్పుడు అందరూ "గ్రూపులో ఉండాది గదా, చూసుంటాడు" అనుకున్నారు.

వాన తర్వాత

పది రోజులకు మంచి వాన పడింది. మందలు పైకి వచ్చేశాయి. ఇంకో వారానికి మర్రిపాడు నేల పచ్చబడింది. అప్పుడు మాలకొండయ్య పక్క చేను రైతు ఆసుపత్రికి ఫోను చేశాడు. "డాక్టరమ్మా, మాలకొండయ్య గొర్రెలు వరసగా పడిపోతుండాయి. నిన్ను పిలవమంటే వొద్దంటుండాడు. నేనే చేసినాను."

ఖాదర్, నేను వెళ్ళేసరికి చేను గట్టున వరసగా పెట్టిన చచ్చిన గొర్రెలు పదకొండు. అన్నీ బాగా ఒళ్ళు చేసినవే. వాటిలో ఒక గొర్రెపిల్లను కోసి చూశాను. మూత్రపిండం పట్టుకుంటే వేళ్ళ మధ్య జావలా జారిపోయింది. చిటుకు రోగమే, ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.

మాలకొండయ్య దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు.

"టీకాలకు ఎందుకు రాలేదయ్యా?" అన్నాను. కోపంగానే అన్నాను. ఏడవలేక కోప్పడే అలవాటు నాకు.

"నువ్వే తీసేసినావు గదమ్మా."

"నేనేం తీశాను?"

"నన్ను. గ్రూపులో ఉండొద్దన్నావు, పొద్దున్నే చూస్తే తెరుచుకోలా. ఊరంతా విన్నారు నువ్వన్నమాట. మళ్ళా నీ కాడికి ఏ మొకం పెట్టుకొని వచ్చేది?"

ఖాదర్ అతని చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. యాప్ తెరిస్తే తెల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండు లైన్లు. ఈ నంబరుకు మా యాప్ వాడే అనుమతి లేదు అని దాని అర్థం. నేను తీసేస్తే అలా రాదు. నా గ్రూపులోంచి మాత్రమే పోతాడు. ఇక్కడ కంపెనీయే అతని నంబరును మొత్తంగా మూసేసింది. బడి, పాల కేంద్రం, పన్నెండు కాపరుల గ్రూపులు, అన్నీ ఒక్కసారి పోయాయి. చదవడం వచ్చిన ఎవరికైనా చూపించి ఉంటే తెలిసేది. నేను తీసేశానని నమ్మిన మనిషి ఇంకొకరికి ఎందుకు చూపిస్తాడు? పరువు.

మా వైపున గ్రూపులో అతని పేరు ఎప్పటిలాగే ఉంది. అతని వైపున ఏమీ లేదు. మధ్యలో నేను అతను అలిగాడనుకున్నాను, అతను నేను వెలివేశాననుకున్నాడు.

"నేను తీయలేదు మాలకొండయ్యా" అన్నాను.

"మరి ఎవురు తీసినట్టు?" అన్నాడు అతను.

ఆ రోజు బతికున్న వాటికి చెయ్యగలిగింది చేశాం, మేత మాన్పించాం, టీకా వేశాం. అప్పటికే ఆలస్యం. ఆ వారంలో మొత్తం నలభైకి పైగా పోయాయి.

తిట్టడానికి మనిషి

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫోన్ల కొట్టు సుబ్బరాయుడు వెనకటికి టెలిఫోను లైన్‌మన్‌గా పనిచేశాడు. మాలకొండయ్యకు ఫోను అమ్మింది అతనే. ముగ్గురం అక్కడికి వెళ్ళాం. సుబ్బరాయుడు చూసి తల గోక్కున్నాడు.

"ఎందుకు ఆపినారో వాళ్ళు చెప్పరక్కా. ఒకే మెసేజీ ఒక్క దెబ్బన చానా గ్రూపులకు పంపితే మిషను అనుమానపడతాదంట. ఏం పంపినావు మామా?"

మాలకొండయ్య గుర్తుచేసుకున్నాడు. "డాక్టరమ్మ వడదెబ్బ మాట చెప్పినాది గదా. అందరికీ పంపమనింది. పన్నెండిటికీ పంపినా. రెండుసార్లు పంపినా, మళ్ళీ పోలేదేమోనని."

ఖాదర్ నా వంక చూడలేదు. అది మరీ కష్టంగా ఉంది.

అదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. ఎవరూ చెప్పలేరు, ఆ కంపెనీ తప్ప. కంపెనీకి రాయడానికి తెర మీద ఒక మీట ఉంది. నొక్కి రాశాను: ఈయన గొర్రెలు కాసుకునే మనిషి, పంపింది నేను చెప్పిన వైద్యం మాట, ఇతనికి టీకాల కబురు ఇందులోనే వస్తుంది. వెంటనే జవాబొచ్చింది, మీ విన్నపం అందింది అని. మర్నాడు ఇంకో జవాబు, పరిశీలించాం, నిర్ణయం మారదు అని. ఎవరు పరిశీలించారో, ఏం చూశారో, ఎవరితో మాట్లాడాలో ఒక్క ముక్క లేదు. ఫోను నంబరు కోసం సుబ్బరాయుడు గంటసేపు వెతికాడు. దొరకలేదు.

"మా కాలంలో లైను తెగితే నన్ను తిట్టేదానికి ఇంటికొచ్చేవాళ్ళక్కా" అన్నాడు. "అన్నం తింటుంటే కూడా తిట్టినారు. నేను పోయి స్తంభం ఎక్కేవాణ్ణి. ఇప్పుడు తిట్టేదానికి మనిషే లేడు."

ఇంకో మాట కూడా అన్నాడు. ఏ కంపెనీ ఫోను నుంచైనా ఏ కంపెనీ ఫోనుకైనా మాట్లాడుకోవచ్చు, ఈ యాప్‌లోంచి మాత్రం పక్క యాప్‌లోకి మాట పోదని. అందుకే అందరూ ఉన్నచోటే అందరూ ఉండాలి. ఒక్కడు బయటపడితే ఒక్కడే.

"కొత్త నంబరు తీసుకో మామా, మళ్ళా చేరొచ్చు" అన్నాడు చివరికి.

"ఇరవై ఏండ్ల నంబరురా ఇది. బేరగాళ్ళందరికాడా ఇదే ఉండాది. నేనేం తప్పు చేసినానని పేరు మార్చుకొని తిరగాల?"

బయటికి రాబోయి

నాకు పట్టుదల వచ్చింది. కాపరులను మర్రిపాడులో కూర్చోబెట్టి చెప్పాను. ఈ యాప్ వదిలేద్దాం, ఇంకోదానిలోకి అందరం కలిసి వెళదాం, లేదా మామూలు ఫోను కాల్స్‌కు వద్దాం అని. అందరూ తలూపారు. మాలకొండయ్యకు జరిగింది అన్యాయమని అందరూ అన్నారు. కొత్త యాప్‌లోకి ఆ రోజు పదకొండు మంది వచ్చారు. వారం తిరిగేసరికి అందులో మాట్లాడేవాళ్ళం నేను, ఖాదర్, రోజూ శుభోదయం పెట్టే ఎరువుల కొట్టాయన.

ఒక కుర్ర కాపరిని నిలదీశాను. అతను దాపరికం లేకుండా చెప్పాడు: "బిడ్డల బడి ఆడనే ఉండాది, పాల లెక్క ఆడనే ఉండాది, మా అత్తగారోళ్ళు ఆడనే ఉండారు. నీ కోసం రెండు చూడాలంటే మావల్లగాదు మేడం. నువ్వు మాత్రం అది తీసేసినావా?"

నేను తీసెయ్యలేదు. మా శాఖ ఆదేశాలు కూడా అందులోనే వస్తున్నాయి మరి.

గొర్రెదాటు అని మనుషుల్ని వెక్కిరిస్తాం. గొర్రెల్లో ముందుది వెళ్ళినచోటికి వెనకది వెళ్ళడానికి కారణం ఉంటుంది, విడిగా పడినదాన్ని కుక్కలు పట్టుకుంటాయి. వీళ్ళనేమని తప్పుపట్టాలి?

నాకు తేలనిది

కొత్తగా వచ్చే మీకు తీర్పు కావాలి. నా దగ్గరున్నవి ముక్కలే.

కంపెనీది తప్పు అంటాను. ఊరు మొత్తాన్ని ఒక ఇంట్లోకి పిలిచినవాడికి ఆ ఇంటి తలుపు మీద బాధ్యత ఉండాలి. మాలకొండయ్యను బయటికి నెట్టినప్పుడు అతని భాషలో ఒక మాట చెప్పాలి, అడిగితే పలికే మనిషి ఒకడుండాలి. అంత తెలివైన మిషను పెట్టగలిగినవాళ్ళు, "ఇతను ఇప్పుడు ఇక్కడ లేడు" అని మా గ్రూపులో ఒక్క గుర్తు పెట్టలేకపోయారా? ఇలా అనుకున్న రోజు నాకు నిద్ర బాగానే పడుతుంది.

మర్నాడు లేస్తే ఇంకోలా ఉంటుంది. ఆ కంపెనీ నన్ను అడగలేదు, సుద్దముక్క పారెయ్యమని. బటన్ల ఫోనుతో హాయిగా ఉన్న మనిషిని, అతను వద్దంటున్నా, టీకా పేరు చెప్పి భయపెట్టి అందులోకి తోసింది నేను. అతని నంబరుకు మామూలు కాల్ రోజంతా మోగేది. చెయ్యొద్దన్నది నేను. అలాంటప్పుడు కంపెనీని తిట్టడం, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది.

మళ్ళీ అనిపిస్తుంది, నా ఒక్కదాని తప్పయితే ఇంకే ఊళ్ళోనూ ఇలా జరగకూడదు కదా అని. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాయం. పెద్ద డాక్టరుగారు ఉంటే ఒక్క తిట్టుతో తేల్చేసేవారేమో. ఆయన పోయి చాలాకాలమైంది. మీకు ఒక్కటి మాత్రం చెప్పగలను. నమస్కారం బొమ్మ జవాబు కాదు. ఎవరు పలకలేదో వాళ్ళ పేర్లు రాసుకుని, మీరే ఫోను చెయ్యండి. కోపంగా ఉన్నవాళ్ళకు ముందు చెయ్యండి.

అందింది

టీకాల రోజు గడిచి నాలుగో వారం. పొద్దున్నే ఆసుపత్రి మెట్ల మీద మాలకొండయ్య కూర్చున్నాడు. చేతిలో ఫోను ఆగకుండా మోగుతోంది.

"రేత్తిరి నుంచి ఇట్నే మోగుతుండాదమ్మా. మళ్ళా తెరుచుకొనింది."

అవును, తెరుచుకుంది. ఎందుకు మూశారో చెప్పనట్టే, ఎందుకు తెరిచారో కూడా చెప్పలేదు. ఇన్ని వారాలుగా ఆగిన మెసేజీలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. బడి సెలవులు, పాల ధరలు, శుభోదయాలు. అతను వేలితో పైకి కిందికి తోసి ఒకచోట ఆపాడు. నొక్కాడు. నా గొంతు వచ్చింది. "అందరికీ చెబుతున్నాను, ఎల్లుండి పొద్దున ఏడుకల్లా మీ గొర్రెలన్నీ తోలుకురండి, చిటుకు రోగం టీకా, ఒక్క గొర్రె కూడా మిగలకూడదు..."

పూర్తిగా విన్నాడు. నేనూ నిలబడి విన్నాను. ఖాదర్ లోపలికి వెళ్ళిపోయాడు.

"బాగానే చెప్పినావమ్మా" అన్నాడు మాలకొండయ్య.

"నన్ను తిట్టు మాలకొండయ్యా" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా కళ్ళు నిండాయి. దాచుకోలేదు.

"తిడితే వస్తాయా? నువ్వు తీసెయ్యలేదని తెలిసినాది, చాలు." ఫోను చేతిలో తిప్పుతూ అన్నాడు, "మా నాయన కాలంలో బస్సాయన కేకేస్తే జవాబియ్యకుండా పంపేవోళ్ళం కాదు."

అని ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మీట మీద బొటనవేలు నొక్కి పట్టాడు.

"మాలకొండయ్యను మాట్లాడుతుండా. టీకాల కబురు అందినాది."

వేలు తీశాడు. నా చేతిసంచిలో ఫోను మోగింది. తీసి చూశాను. అతని మాట కింద, ఒకటి వెనక ఒకటిగా, నమస్కారాలు పడుతున్నాయి.